నలభై ఒక్క మీటర్లు

"బిగించి పట్టుకోప్పా దుర్గప్పా! దారం వేలాడితే కొలత తప్పుతాది."

ఎమ్మిగనూరు శివారు చేనేత కాలనీలో, తన గడప మీద పడుగు దారం కొసను బొటనవేలితో నొక్కిపట్టి అరిచాడు ఎర్రిస్వామి. రెండో కొస రోడ్డవతల, లారీల స్టాండు కంచె దగ్గర, పక్కింటి దుర్గప్ప చేతిలో ఉంది. ఆదోని మిల్లుల నుంచి దూది బేళ్లతో వచ్చిన లారీ ఒకటి ఆ దారానికి అడుగు దూరంలో ఆగింది. డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఏమప్పా, రోడ్డుకు చీర నేస్తాండారా?"

"నీ లారీకే! సిగ్గు కప్పుకుంటాదని," అన్నాడు దుర్గప్ప.

దారాన్ని చుట్టి తెచ్చి, మీటరు కడ్డీతో రెండుసార్లు కొలిచారు. నలభై ఒక్క మీటర్లు.

లారీల స్టాండు వెలసి ఏడు నెలలు. ఆగినా ఆపని ఇంజన్లు, ఆ అదురుకు పుటుక్కుమనే పడుగు పోగులు, గంజి పట్టించిన నూలు మీద నల్లటి మసి. ఎర్రిస్వామి వాటన్నిటినీ ఓర్చుకున్నాడు. మనవరాలి దగ్గును మాత్రం ఓర్చుకోలేకపోయాడు. పది నెలల పసిగుడ్డు. ఆదోని డాక్టరు చీటీ రాస్తూనే చెప్పేశాడు: పొగ తప్పించకపోతే మందులు దండగని.

సమాచార హక్కు కింద తెప్పించుకున్న నిబంధనల ప్రతిని ఎర్రిస్వామి మళ్లీ విప్పాడు. ఎర్ర సిరాతో గీత గీసుకున్న వాక్యం ఒకటే: నివాస గృహాలకు వంద మీటర్ల లోపల లారీల స్టాండుకు అనుమతి ఇవ్వరాదు.

"వంద అని అచ్చేసుకున్నోళ్లే నలభై ఒకటికి అనుమతిచ్చినారు! మనం మనుషులుగా కనపడలేదా ఆ దొరలకు?"

"రాయన్నా, గట్టిగా రాయి," అన్నాడు దుర్గప్ప. "ముత్యాల్లాంటి అక్షరాలు నీవి. ఇరవై మూడేండ్ల కిందట ఒక్క కాగితం రాసి, నలభై కుటుంబాలకు నెత్తిన కప్పు తెచ్చినోనివి."

ఎర్రిస్వామి కాదనలేదు. ఆనాడు చేనేత సంఘం కార్యదర్శి ఆయనే. చేనేత పథకం వాళ్లు ఏ మాట అడిగితే ఆ మాట రాసి, నలభై మంది చేత సంతకాలు పెట్టించాడు. ఇప్పుడు ఫిర్యాదుకు నాలుగు పేజీలు పట్టాయి.

మూడో వారంలో ఆదోని రెవెన్యూ ఆఫీసు నుంచి సర్వేయరు కృపానందం టేపుతో దిగాడు. గుమ్మం మీద వెలిసిపోయిన నీలం రంగులో 'షె-14' అని చూసి ఆగాడు.

"షె అంటే?"

"షేర్, సార్! మా అన్న పులి," అన్నాడు దుర్గప్ప.

కృపానందం నవ్వుతూనే ఆ నంబరు రాసుకున్నాడు. టేపు పరిచి కొలిచాడు. నలభై ఒకటి.

"మీ పడుగు దారం అబద్ధమాడలేదు, పెద్దాయనా."

ఎర్రిస్వామి భార్య సుంకమ్మ ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. మగ్గం పక్కనే వేలాడే ఊయలలో పాప దగ్గడం మొదలుపెట్టింది. కృపానందం ఒక చేత్తో తింటూనే రెండో చేత్తో ఊయల తాడు అందుకుని ఊపాడు.

"ఎన్ని నెలలమ్మా?"

"పది, సారూ. దినామూ ఇదే దగ్గు. మీరన్నా సూడండి."

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. గడప దాటబోతూ ఆగాడు.

"నేను చూసింది రాసేకి లేదు, పెద్దాయనా. రికార్డులో ఉండేదే రాయాల."

"రికార్డే రాయండి సార్! నాకు దయ వద్దు. రూలు సాలు."

పదకొండో రోజు జవాబు వచ్చింది. కాలనీ అంతా గుమ్మం ముందు చేరింది. ఎర్రిస్వామి కళ్లజోడు సవరించుకుని గొంతెత్తి చదివాడు.

"ఫిర్యాదుదారు తెలిపిన దూరము వాస్తవము. నలభై ఒక్క మీటర్లు."

దుర్గప్ప ఈల వేశాడు.

"వంద మీటర్ల నిబంధనయు వాస్తవము."

ఈసారి అందరూ వేశారు.

"అయితే సదరు నిబంధన నివాస గృహములకే వర్తించును. షెడ్డు నంబరు 14తో సహా అచ్చట గల నలభై కట్టడములు మగ్గాల షెడ్లు. వాటిలో ఎవరూ కాపురముండుట లేదు. ఆధారము జతపరచడమైనది."

ఊయలలో పాప దగ్గింది.

"కాపురముండమా?" ఎర్రిస్వామి కాగితం మీంచి తలెత్తాడు. "మరి ఆయప్ప ఉగ్గాని తినింది యాడ? దయ్యాల కొంపలోనా? ఊయల ఊపినాడే, దాంట్లో ఉండేది ఎవురు, దూది బేలా?"

"ఇంత అబద్ధం రాసింది ఎవురో," సుంకమ్మ మెటికలు విరిచింది, "ఆ చెయ్యి పడిపోను!"

ఎర్రిస్వామి విసురుగా రెండో కాగితం తిప్పాడు. ఇరవై మూడేళ్ల నాటి స్టాంపు పత్రం నకలు. 'ఈ షెడ్లలో మగ్గములు మాత్రమే ఆడును, మనుషులెవరూ కాపురముండరని హామీ ఇచ్చుచున్నాము.' కింద నలభై సంతకాలు, వేలిముద్రలు.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.