నిలువు తెర

"వీడియో చూసి కొనకమ్మా. చిన్న అక్షరాలు పెట్టి చూడు."

వెనకనుంచి ఎవరో అనేసరికి చిట్టి ఉలిక్కిపడి తిరిగింది.

అది పాత కంప్యూటర్లు అమ్మే షాపు. గోడ పొడుగునా మానిటర్లు. అన్నింట్లోనూ ఒకటే వీడియో, రంగురంగుల చేపలు ఈదుతున్నాయి. వాటి పక్కన ఒక పెద్దాయన, ఏదో తనే షాపు ఓనరైనట్టు నిలబడి ఉన్నాడు.

"దీంతో ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు.

"వెబ్‌సైట్లు చెయ్యడం నేర్చుకుంటున్నానండీ, ఇంట్లోనే."

ముక్కూ మొహం తెలియని మనిషికి ఇదంతా ఎందుకు అనుకుంటూనే చెప్పేసింది.

ముప్పై దాటినా ఇంట్లో అందరికీ ఆమె ఇంకా చిట్టే. అత్తగారు మంచాన పడ్డాక ఉద్యోగం మానేసింది. ఒక్క జీతంతో ఇల్లు గడవడం లేదు. గడప దాటకుండా చేసుకునే పని ఏదో ఒకటి దొరకాలి. "మా క్లినిక్‌కి ఒక పేజీ చేసి చూపించమ్మా, బావుంటే మా బ్రాంచీలన్నీ నీకే" అన్నాడు తెలిసిన పళ్ళ డాక్టరు. పాపం, ఆశంతా దానిమీదే పెట్టుకుంది.

పెద్దాయన మొహం వెలిగిపోయింది.

"అయితే నువ్వు ఇది తీసుకో" అంటూ మూలనున్న బూడిదరంగు మానిటర్ దగ్గరికి గబగబా నడిచాడు. చేపల్ని ఆపి, సన్న అక్షరాల పేజీ ఒకటి తెరిచాడు. తెరను రెండు చేతులా పట్టుకుని, పక్కకి తిప్పి నిలువుగా నిలబెట్టాడు.

"ఇప్పుడు చూడు. రాసిందంతా పైనుంచి కిందిదాకా ఒక్కసారే కనబడుతుంది. కళ్ళు కూడా నొప్పి పుట్టవు."

తోడు వచ్చిన చిట్టి ఆడపడుచు కిసుక్కున నవ్వింది.

"వదినా, రేపు సినిమా పెట్టుకుంటే మనం మెడలు పక్కకి వాల్చి చూడాలి!"

చిట్టికీ నవ్వాగలేదు.

"మనకి అంటగడుతున్నాడు వదినా" అని చెవిలో ఊదింది ఆడపడుచు. "ఇందాక ఒకబ్బాయి ఆటలకి కావాలని అదే అడిగితే, నీకు పనికిరాదు నాయనా అని పంపించేశాడు. ఆడవాళ్ళం కదా, మనకేం తెలీదనుకున్నాడు."

పెద్దాయన ఇదేమీ వినలేదు. చొక్కా అంచుతో తెర మూలలు తుడుస్తున్నాడు.

"తడిగుడ్డ మాత్రం తగలనివ్వకమ్మా. మెత్తటి పొడిగుడ్డ చాలు. అవునూ, మధ్యలో మానెయ్యవు కదా?"

"ఏంటి?"

"నేర్చుకోవడం. చివరిదాకా నేర్చుకుంటావు కదా?"

చిట్టికి ఒళ్ళు మండింది. ఇంట్లో చుట్టాలంతా అడుగుతున్నది ఆ మాటే. ఇప్పుడు ఈయన కూడానా!

"మీ కమిషన్ సంగతి మీరు చూసుకోండి. నా చదువు సంగతి నేను చూసుకుంటాను."

ఆయన ఏదో చెప్పబోయి, తెరను మెల్లగా మళ్ళీ అడ్డంగా తిప్పి, పక్కకి తప్పుకున్నాడు.

లోపల ఏదో రిపేరు చేస్తున్న షాపతన్ని పిలిచి, చేపలు అన్నిటికంటే అందంగా కనబడిన పెద్ద మానిటర్ బిల్లు వేయించుకుంది చిట్టి.

ఇంటికొచ్చాక కూడా చేపలు బ్రహ్మాండంగానే ఉన్నాయి. అక్షరాలే, తడి కాగితం మీద రాసినట్టు అలుక్కుపోయాయి. ఏది చుక్కో ఏది కామానో తెలియదు. అత్తగారికి మందులు వేసి వచ్చి కూర్చుంటే చాలు, తల పగిలిపోయేది. పేజీకి రాసిన కోడ్‌లో ఎక్కడో ఒక చుక్క తప్పు పడింది, అది ఎంత వెతికినా కనబడలేదు. అపాయింట్‌మెంట్ కోసం పేషెంట్లు నొక్కాల్సిన బటన్ డాక్టరు ముందే పనిచెయ్యలేదు.

"ఇప్పటికి వద్దులేమ్మా, మళ్ళీ చూద్దాం" అన్నాడు డాక్టరు. ఆ 'మళ్ళీ' ఎప్పటికీ రాదని చిట్టికి తెలుసు. తలుపు వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆన్‌లైన్ క్లాసులో టీచరమ్మకి గోడు చెప్పుకుంది.

"అయ్యో, సన్న అక్షరాలు పెట్టి చూడకుండా కొన్నావా? నేనైతే ఎప్పుడూ తెరను నిలబెట్టుకునే పనిచేస్తాను" అంది టీచరమ్మ.

చిట్టికి షాపులో పెద్దాయన అన్న మాటలు గుర్తొచ్చాయి. మర్నాడు ఒక్కతే షాపుకి వెళ్ళింది. మూలన బూడిదరంగు మానిటర్ లేదు.

"ఆ నిలబెట్టేదా? మొన్ననే పార్కింగ్ వాళ్ళు పట్టుకెళ్ళారండీ, కెమెరాలు చూసుకోడానికి" అన్నాడు షాపతను.

"మరి ఆ పెద్దాయన?"

"రావడం మానేశాడు. మీరు వచ్చి వెళ్ళిన రోజే, ఇక ఎవరికిచ్చినా నీ ఇష్టం అనేసి వెళ్ళిపోయాడు. ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళాడట."

"నోరు జారానండీ ఆయన మీద. ఒక్కసారి కనబడితే తప్పైపోయిందని చెప్పుకుంటాను. మీ మనిషే కదా, ఫోన్ నంబరైనా ఉండదా?"

"మా మనిషి ఎక్కడండీ!" అన్నాడు షాపతను, ఆమె మొహంలోకి చూడకుండా. "అచ్చం మీలాగే ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు నేర్చుకుంటూ, ఆ తెర ముందే జబ్బుపడి చనిపోయిన ఒకమ్మాయికి నాన్న ఆయన, ఆ పని నేర్చుకునేవాళ్ళకైతే దాన్ని ఊరికే ఇచ్చెయ్యమని తెచ్చిపెట్టి, అలాంటివాళ్ళు ఎప్పుడొస్తారా అని రోజూ ఇక్కడే నిలబడి ఎదురుచూసేవాడు."