రెప్పకు తగలని మాస్కు

సాయిలు పెట్టుబడి పెట్టి దొంగతనం చేసే రకం. ఆ పెట్టుబడి కళ్ళ మాస్కులు.

భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికులుండే వాడలో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు పగలు పడుకుంటారు. కిటికీలోంచి ఎండ కళ్ళలో పొడుస్తుంటే పాపం నిద్రెక్కడ పడుతుంది? సాయిలు మోపెడ్ మీద తిరుగుతూ వాళ్ళకు కళ్ళ మాస్కులు అమ్ముతాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం, అదే మాస్కు పెట్టుకుని గురక పెడుతున్న మనిషి ఇంట్లోకి పిల్లిలా దూరి, దొరికింది పట్టుకుపోతాడు.

అందుకే నాసిరకం సరుకు అమ్మడు. మాస్కు ఒత్తుకుంటే మనిషి లేస్తాడు. లేస్తే వీపు విమానం మోతే. కొన్నవాడి నిద్ర గురించి సాయిలంత బెంగ పెట్టుకునే వ్యాపారి జిల్లా మొత్తంలో లేడు.

ఈ పని అతని భార్య చిలుకమ్మకు నచ్చదు. భర్తకు బుద్ధి రావాలని కురవి గుడిలోని వీరన్నకు మొక్కుకుని, ఆ దేవుడికి సమర్పించడానికి వెండి కోరమీసాలు చేయించింది. వాటి వెనకాల తన పేరు కూడా కొట్టించింది. ఇంట్లో చెంచా మీదైనా సరే, పేరు లేకపోతే ఆమెకు తోచదు. అతనికి బుద్ధి రాక ఆ మీసాలు ఆర్నెల్లుగా బియ్యం డబ్బాలోనే పడి ఉన్నాయి.

"గీ సోమారం కురవికి పోవాలె. నువ్వీ దొంగపని బందువెట్టకపోతే నేను బయ్యారం మా తల్లిగారింటికి పోత. మళ్ళ రాను" అని చెప్పేసింది.

"ఇంకొక్క ఇల్లే. గా వీరన్న మీద ఒట్టు" అన్నాడు సాయిలు. దొంగ ఒట్టు కాదు, నిజం ఒట్టే. చిలుకమ్మంటే అతనికి ప్రాణం.

ఆ ఒక్క ఇల్లు పరశురాములుది. నెల కిందట వాడ చివరి గదిలో అద్దెకు దిగాడు. ఒంటరి మనిషి. ఆదివారమైనా సెలవు పెట్టకుండా రాత్రి డ్యూటీకి పోతాడు, తెల్లారి వచ్చి సాయంత్రం దాకా పడుకుంటాడు. అతని మంచం కింద తాళం వేసిన రెక్సిన్ సంచి ఒకటి సాయిలు కంట్లో పడింది.

కానీ పరశురాములు మహా పేచీకోరు. నైలాన్ మాస్కిస్తే చెమట పోసిందన్నాడు. సాటిన్‌ది జారిందన్నాడు. ఇంకోదాంట్లో ముక్కు పక్కనుంచి వెలుగొస్తోందన్నాడు. నాలుగోది రెప్పలకు రాసుకుంటోందని మొహాన కొట్టాడు. సాయిలు పంతం పట్టి జనగామ దాకా పోయి, లోపల మెత్తటి నూలు గుడ్డ, కళ్ళ దగ్గర చిన్న గిన్నెల్లా లోతు, వెనక వెడల్పాటి ఎలాస్టిక్ ఉన్న నల్ల మాస్కులు తెచ్చాడు.

పరశురాములు వాటిలో ఒకటి పెట్టుకుని మంచం మీద అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. తర్వాత లేచి గదిలో ఉరికాడు. పోయి గోడకు గుద్దుకున్నాడు. మాస్కు మాత్రం జారలేదు.

"పండుకునేదానికి ఉరుకుడెందుకన్నా?" సాయిలు అడిగాడు.

"అన్ని తీర్ల చూసుకోవాలె గద తమ్మీ. నువ్వు పెట్టుకుంటవా గివి?"

"నేను, మా ఇంటామె ఇద్దరం గివే పెట్టుకోని పండుకుంటం. మీద పిడుగు వడ్డా తెల్వది. నమ్మకపోతే రేగొండకొచ్చి అడుగు. రైసుమిల్లు ఎనుక ఆకుపచ్చ గేటు, మాదే."

పరశురాములు మొదటిసారి నవ్వాడు. "అయితే రెండియ్యి. పండుకునేటప్పుడు ఒకటి, డ్యూటీకి ఒకటి."

బొగ్గుబాయిలో కూడా కునుకు తీస్తాడన్నమాట, ఘటికుడే అనుకుంటూ సాయిలు రెండూ ఇచ్చి వచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇనుప పుల్లతో గడియ తీసి ఆ గదిలోకి దూరాడు. పరశురాములు మాస్కు పెట్టుకుని, నోరు తెరిచి, పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. తన సరుకు చూసుకుని సాయిలు ఛాతీ ఉప్పొంగింది. మంచం కింది సంచి లాగి భుజాన వేసుకున్నాడు. మొహం మీద ఎండ పడుతోందని పోతూపోతూ కిటికీ పరదా కూడా సర్దాడు.

ఇంటికి వచ్చేసరికి చిలుకమ్మ గడపలో నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

"మనింట్ల దొంగలు వడ్డరయ్యా! వంటకు బియ్యం తీద్దామని చూస్తే డబ్బల వీరన్న మీసాల్లేవు! రాత్రి ఇద్దరం నీ గంతలు పెట్టుకోని సచ్చినట్టు పండుకుంటిమి. ఎవడొచ్చిండో, ఎటు పోయిండో!"

సాయిలుకు ఒళ్ళు మండిపోయింది. "దేవుని సొమ్ము గూడ ఇడిసిపెట్టరా? గంత నీతి లేకుంటెట్ల! ఏడ్వకు. గీ సంచిల ఉన్నదాంతోని మళ్ళ చేపిద్దాం. సోమారం కురవికి పోతున్నం, అంతే."

రాయి తీసుకుని తాళం పగలగొట్టాడు. సంచిలో ఎవరివో పట్టుచీరలు, నాలుగు జతల పట్టీలు, మూడు సెల్‌ఫోన్లు. వాటి నడుమ వెండి మీసాలు. చిలుకమ్మ లాక్కుని వెనక్కి తిప్పింది. తన పేరే.

"గివి మనయే! బొగ్గుబాయిల పనిచేసేటోనికి ఎట్ల దొరికినయయ్యా?"

సాయిలు సంచి అడుగున తడిమాడు. నిన్న తాను డ్యూటీ కోసమని అమ్మిన నల్ల మాస్కు చేతికి తగిలింది. దానికి కళ్ళ దగ్గర రెండు గుండ్రటి కన్నాలు నీటుగా కత్తిరించి ఉన్నాయి.