నెత్తి మీది నౌక

వీధి వీధంతా మూటాముల్లె సర్దుకుంటుంటే, ఎదురు మేడలోంచి పళ్ల డాక్టరమ్మ డ్రిల్లు చప్పుడు మాత్రం జుయ్యిమంటూ వినిపిస్తూనే ఉంది.

"ఆవిడకేమన్నా చెవుడా?" అంది దర్జీ భార్య, కుట్టాల్సిన బట్టలన్నీ దుప్పట్లో వేసి ముడి బిగిస్తూ.

దర్జీ కుట్టుమిషను బల్ల మీంచి విప్పడానికి మరతో కుస్తీ పడుతున్నాడు. వాళ్ల నాన్న బిగించిన మర. తుప్పు పట్టి, రానుగాక రానంటోంది.

బయట వార్డు ఆఫీసరు జీపులో మైకు మళ్లీ మొదలెట్టింది. "పిచ్చుక అనే పాత రోదసి నౌక అదుపు తప్పి కిందికి వస్తోంది. రేపు మధ్యాహ్నం ఈ వీధి మీద పడవచ్చు. సాయంత్రానికల్లా ఇళ్లు ఖాళీ చేయండి. తాళాలు వేయవద్దు. మంటలు లేస్తే ఆర్పడానికి మా వాళ్లు లోపలికి రావాలి."

పడబోతోందని ఆ మధ్య పేపర్లో కూడా వచ్చింది. ఇక నమ్మకేం చేస్తారు? పోయినేడు రోడ్డు వెడల్పు చేస్తామని ఈ ఆఫీసరే ఇళ్లు కూల్చడానికొస్తే, వీధి జనమంతా ఒక్కటై కోర్టుకెక్కి గెలిచారు. ఇప్పుడలా కాదు.

"మనుషులతో అయితే కొట్లాడాం. ఆకాశం మీద కేసు వేస్తామా?" అన్నాడు దర్జీ, మర మీద కసిగా స్క్రూడ్రైవరు నొక్కుతూ.

"ముందు వెళ్లి ఆవిడకి చెప్పి రండి. నొప్పి తెలీకుండా నా పన్ను పీకిన చెయ్యి. ఊరికే పోనిస్తామా?"

దర్జీ వెళ్లేసరికి కుర్చీలో ఒక టీవీ విలేకరి నోట్లో దూది కుక్కుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది.

"మీరింకా సర్దుకోలేదా అమ్మా?"

"ఎందుకు?"

"అదేంటి! నెత్తి మీద నౌక పడబోతుంటే..."

"ఎవరు చెప్పారు?"

"ఆఫీసరు గారు."

"ఆయనకెవరు చెప్పారు?"

ఆ మాట అడగాలని వీధిలో ఎవరికీ తట్టలేదు.

పళ్ల ఎక్స్‌రేలు చూపించే తెరని డాక్టరమ్మ అతని వైపు తిప్పింది. ప్రపంచ పటం. దాని మీద పెద్ద పెద్ద టాకాలు వేసినట్టు పైకీ కిందికీ సాగిన గీత.

"పైకెళ్లిన ప్రతిదానికీ ఒక నంబరిస్తారు. నేల మీది రాడార్లు దాన్ని వెంటాడి, ఎక్కడుందో, ఎంత కిందికి దిగిందో లెక్క తీస్తాయి. ఆ లెక్కలు నెట్‌లో పెడతారు. పిచ్చుక ఎగిరిన రోజు నుంచీ చూస్తూనే ఉన్నా, నాకదో పిచ్చి."

"మీరు చదువుకున్నారు కాబట్టి చూస్తారు."

"నంబరు కొట్టడమేగా! తాళం లేని గది అది. ఎవరైనా వెళ్లొచ్చు."

"మరి ఎవరూ వెళ్లరేం?"

"నువ్వు వెళ్లావా?"

దర్జీ తెరకేసి చూశాడు. గీత చివర నీలంలో కలిసిపోయింది. ఆ నీలం ఆకాశమే అనుకున్నాడేమో, చప్పున కిటికీలోంచి పైకి చూశాడు.

"ఇంతకీ పడుతుందా, పడదా? ఒక్క ముక్కలో చెప్పండమ్మా."

"నేను కదలను. నువ్వూ కదలకు. సాయంత్రం ఆఫీసరు దిగేసరికి అందరినీ గుమ్మాల్లో నిలబెట్టు. మిగతాది అందరి ముందూ మాట్లాడదాం."

విలేకరి దూది మధ్యలోంచి ఏదో గొణిగాడు. "నువ్వు కూడా ఉండు నాయనా, కెమెరాతో సహా," అంది డాక్టరమ్మ.

దర్జీ ఇంటికొచ్చి, అప్పటికి సగం ఊడిన మరని తిరిగి బిగించడం మొదలెట్టాడు.

"మతి గానీ పోయిందా?" భార్య గుడ్లురిమింది.

"పోతే పోయింది. ఈ మిషను మా నాన్న ఇక్కడ పెట్టాడు, ఇక్కడే ఉంటుంది. వీధి ఖాళీ చేయమన్న ప్రతిసారీ చంకన పెట్టుకు తిరగడానికి ఇదేం పసిపిల్లా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఏమనుకుందో ఏమో, దుప్పటి ముడి విప్పేసింది.

డాక్టరమ్మ కదలనంటోందని చెబుతూ ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. కొందరు తిట్టారు. కొందరు తలుపేసుకున్నారు. సాయంత్రం జీపు వచ్చేసరికి మాత్రం ఏ ఇంటి వాళ్లు ఆ ఇంటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏంటీ తమాషా?" ఆఫీసరు మైకు పట్టుకునే దిగాడు. "చావాలనుందా? పోలీసుల్ని పిలవమంటారా?"

"పిలవండి. మేం కదలం," అన్నాడు దర్జీ. అది తన గొంతేనా అని తనకే అనుమానమొచ్చింది.

మేడ దిగి తెల్లకోటుతోనే వచ్చింది డాక్టరమ్మ. వెనకాల బుగ్గ వాచిన విలేకరి, భుజాన కెమెరా.

"పడబోయేది పిచ్చుకేనా సార్? ఇంకోటి కాదుగా?"

"అదే!"

"ఇంకా పైనే తిరుగుతోందా?"

"తిరక్కేం? మా వాళ్లు క్షణం రెప్ప వేయకుండా చూస్తున్నారు. ఇందాకే మీ నెత్తి మీదుగా వెళ్లింది కూడా!"

"మాట మీద నిలబడతారా?"

"నిలబడతా! నేనేమన్నా అబద్ధాలాడుతున్నానా?" మైకులో ఆయన అరిచిన అరుపు వీధి చివరిదాకా వినబడింది.

డాక్టరమ్మ చెయ్యి చాచి, ఆయన చేతిలోని మైకు అందుకుంది.

"పిచ్చుక పోయిన వారమే సముద్రంలో పడిపోయింది."