సగం గొంగడి

సిపాయి భుజాల మీద గొంగడి లేదు.

చెంబెడు నీళ్లతో చర్చి మెట్లు కడగడానికి వచ్చిన లచ్చి అది ముందుగా చూసింది.

గంగారం దాటి అడవి దారి పట్టిపోతే వస్తుంది వాళ్ల తండా. తండా మొదట్లో చిన్న చర్చి, దాని ముందు గుర్రం మీద పునీత మార్టిన్ విగ్రహం. ఆయన ఒకప్పుడు రోము సైన్యంలో సిపాయి. చలికి వణుకుతున్న బిచ్చగాణ్ని చూసి, తను కప్పుకున్న వస్త్రాన్ని కత్తితో కోసి సగం ఇచ్చేశాడట. మార్టిన్ అంటే తండాలో సగం మందికి తెలియదు. గొంగడి సిపాయి అంటే మాత్రం పసిపిల్లలు కూడా దండం పెడతారు. చర్చికి పోయేవాళ్లూ పెడతారు, పోనివాళ్లూ పెడతారు.

ఏటా నవంబరులో ఆయన పండగనాడు తెల్లారేసరికి విగ్రహం భుజాల మీద కొత్త గొంగడి ఉంటుంది. దాని మూలన ఎర్ర ఉన్నితో కుట్టిన చిన్న సిలువ. ఎవరు కప్పిపోతారో ఎవరూ చూడలేదు. సిపాయే తెచ్చుకుంటాడని నమ్మకం. పండగ అయ్యాక అది కప్పుకోను లేనివాళ్ల ఇంటికి పోతుంది. పోయినేడు లచ్చి ఇంటికి వచ్చింది. ఆరేళ్ల గీత అది లేకుండా నిద్రపోదు.

ఈ ఏడు సిపాయి భుజాలు బోసిగా ఉన్నాయి.

"అలిగిండు," అన్నాడు చర్చి చూసుకునే దేవ్‌సింగ్. "ఏదో కీడు ఉన్నది బిడ్డా."

లచ్చి చెంబుతోనే ఇంటికి ఉరికింది.

చీకట్లో లేచి వచ్చేటప్పుడు మంచం వైపు చూడలేదు. ఇప్పుడు మంచం మీద గొంగడి ఉంది. గీత లేదు. గుంజకు కట్టిన మేకపిల్లా లేదు.

అసలే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వారం నుంచీ ఫోన్లలో ఒకటే వీడియోలు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మొగుడు చాంద్యా చెలకలన్నీ తిరిగాడు. తండా అంతా బావులు వెతికింది. లచ్చి మాత్రం ఏ బావిలోకీ తొంగి చూడలేకపోయింది.

పొద్దు కాస్త ఎక్కాక అడవి బాటలో ఒక ముసలాయన కనిపించాడు.

ముఖం ఎరగనిది. ఒంటి మీద అంగీ లేదు. భుజాన గొంగడి ముక్క, అదీ అప్పుడే కోసినట్టు ఉంది. దాని మీద నెత్తురు. మొలలో కత్తి.

రొప్పుకుంటూ నేరుగా లచ్చి దగ్గరికే వచ్చాడు.

"పిల్ల..." అన్నాడు.

"నా బిడ్డ ఏదిరా!"

లచ్చి చేతిలోని ఇత్తడి చెంబు ఆయన దవడ మీద పడి దాన్ని విరగ్గొట్టింది. తర్వాతి మాట నెత్తురుతో కలిసి గొంతులోనే ఉండిపోయింది.

తండా జనం మంచివాళ్లే. భయమే మంచిది కాదు. చర్చి ముందరి వేపచెట్టుకు ఆయన్ని తాళ్లతో కట్టేశారు.

"చెప్పు! ఎవలకు అమ్మినవ్?"

ముసలాయన గడ్డం ఎత్తి అడవి బాట అవతలి గుట్ట వైపు చూపించాడు.

"సూడు, గుట్టకు ఉరుకుదామని సూస్తుండు!"

మళ్లీ దెబ్బలు. చెట్టుకు ఎదురుగా గుర్రం మీద సిపాయి చేతిలోనూ కత్తి ఉంది, కోసిన గుడ్డ ఉంది. ఒక్కరూ తలెత్తి చూడలేదు.

లచ్చి ఒక్కతే ముసలాయన కళ్లు చూసింది. కట్టె లేచినా ఆ కళ్లు మూతపడటం లేదు. కొట్టేవాళ్ల వైపూ చూడటం లేదు. గుట్టనే చూస్తున్నాయి.

"సంపి ఆడ పడేసిండా?"

ఆ ఆలోచన రాగానే లచ్చి గుట్టకేసి పరుగెత్తింది. వెనకే చాంద్యా, ఇంకో ఇద్దరు మగవాళ్లు. దారి పొడుగునా లచ్చి సిపాయిని ఒక్కటే అడిగింది. బిడ్డ కళ్లు తెరిచి ఉండాలి, అంతే.

"యాడీ!"

అమ్మను పిలిచే ఆ పిలుపు బండల మధ్య నుంచి వచ్చింది.

గీత కాలు రెండు బండల సందులో ఇరుక్కుపోయింది. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారి గడ్డకట్టింది. ఒడిలో తాడు తెంపుకుని వచ్చిన మేకపిల్ల. ఒంటి చుట్టూ గొంగడి, సగమే.

మగవాళ్లు ముగ్గురూ పట్టి బండను కదిలించారు. లచ్చి బిడ్డను గుండెకు హత్తుకుని ఏడ్చింది.

"తాత రాలేదా?" అడిగింది గీత.

"ఏ తాత?"

"బండ లేపవోయిండు, లేవలే. నేను వణుకుతుంటే గొంగడి కోసిండు. సగం నీకు, సగం సిపాయికి అన్నడు. ఏడువకు బిడ్డా, మీ అమ్మను తోలుకొస్త అని ఉరికిండు."

చాంద్యా చేతిలో ఇంకా ఉన్న కట్టె కింద పడింది.

లచ్చి బిడ్డను ఎత్తుకుని గుట్ట దిగింది. తన చెంబు పడకపోతే ఆయన రెండో మాట కూడా చెప్పేవాడు. ఆ రెండో మాటే ఆమె వెంట పరుగెత్తుతోంది.

"విడువుండ్రి! ఆయనను విడువుండ్రి!"

దేవ్‌సింగ్ అప్పటికే ముసలాయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

లచ్చి బిడ్డ ఒంటి మీది సగాన్ని తీసి ఆయన భుజం మీది సగానికి ఆనించింది. కోతకు కోత సరిపోయింది. బిడ్డ సగం మూలన, మడతలో నుంచి, ఎర్ర ఉన్ని సిలువ బయటపడింది.

ఏటా ఎవరి కంటా పడకుండా వచ్చి సిపాయికి గొంగడి కప్పిపోయిన చేతులు, ఇంకా వేపచెట్టుకు కట్టేసే ఉన్నాయి.