పొద్దున చూసి తాగు

స్వర్ణముఖి పొంగి వంతెనలు కొట్టుకుపోయిన ఆ వరద వెనకాల వచ్చిన ఎండాకాలం అది.

ఐరాల ఊరి కుప్పయ్య కడుపు పట్టుకుని తిరుపతికి వచ్చాడు.

వరదలోనే భార్య మునిరత్నమ్మ జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఒక్కడికే వంట. వండితే తిన్నట్టు, లేకుంటే లేదు. కడుపు రాయిలా బిగుసుకుపోయింది.

బస్టాండు పక్కన కల్యాణమండపంలో పేగులు కడిగే శిబిరం పెట్టారు. గేటుకు పెద్ద బ్యానరు. అందులో ఒక రైతు. తలకు పాగా, ఎడమ చెవికి ఎర్రరాయి పోగు, బుగ్గల నిండా నవ్వు. ముప్పై ఏళ్ళ మలినం మూడు రోజుల్లో పోయిందని ఆయన మాటగా రాసి ఉంది.

అక్షరాలను కుప్పయ్య అంతగా నమ్మడు. ఆ మొహాన్ని నమ్మాడు. మన్ను పిసికినవాడు అబద్ధమాడడు అనుకున్నాడు.

లోపల గాజు సీసాలో నల్లటి తాళ్ళలాంటివి చూపించారు. ఎవరి పేగుల్లోంచో వచ్చిన పాత మలినమట. నీ కడుపులోనూ ఇదే ఉందన్నారు. కుప్పయ్య రొంటిన ఉన్న డబ్బు తీశాడు. పొడి పొట్లం కొనుక్కున్నాడు. రాత్రికి కలుపుకుని తాగమన్నారు. తెల్లవార్లూ విరేచనాలవుతాయి, భయపడొద్దన్నారు.

గేటు ఎదురుగా టీ బంకు, దాని ముందు బెంచీ. ఊరికి పోయే కాణిపాకం బస్సుకు టైముందని అక్కడ కూర్చున్నాడు.

బెంచీ మీద ఇంకొకడు ఉన్నాడు. ఎముకల గూడు. అంత ఎండలోనూ చెవులు కప్పేలా తలకు తుండుగుడ్డ చుట్టుకున్నాడు. పాదాలు మాత్రం ఉబ్బిపోయి ఉన్నాయి.

ఏ ఊరని అడిగితే ఐరాల అన్నాడు కుప్పయ్య. అతని చేతిలోని పొట్లం చూసి, బీపీ మాత్రలు మింగుతావా అని అడిగాడు ఆ మనిషి. కుప్పయ్య తలూపాడు.

"ఇంట్లో ఎవురుండారు?"

"ఎవురూ లేరు."

"నాకూ లేరు. అందుకే చెప్తా ఉండా, తాగొద్దు. ఒంట్లో నీళ్ళన్నీ పోయి యాడన్నా పడితే, లేపేదానికి మనిషి ఉండాల గదప్పా."

కుప్పయ్య మొహం తిప్పుకున్నాడు.

ఆ మనిషి పొట్లం అందుకుని, ఇంత పొడి కుప్పయ్య నీళ్ళ సీసాలో పోసి ఊపాడు.

"పొద్దున దీన్ని చూసి, ఆ తర్వాత తాగు."

కుప్పయ్యకు తిక్క రేగింది. పోటీ అంగడి వాళ్ళు నీకెంత ఇచ్చినారని అడిగాడు.

"ఆ బ్యానరు మీద మనిషిని సూడు, ఎట్టుండాడో. ఆయన్ను నమ్మాల్నా, నిన్ను నమ్మాల్నా?"

ఆ మనిషి బ్యానరు వైపు చూశాడు. తుండుగుడ్డను చెవుల మీదికి ఇంకా కిందికి లాక్కున్నాడు.

టీ బంకు చంద్రకాంతమ్మ నవ్వింది. "ఆయప్పకు రోజూ ఇదే పనిలే అన్నా. ఎవురూ ఇనరు."

ఇల్లు చేరి, చీకటి పడ్డాక కుప్పయ్య పొడి కలుపుకున్నాడు. గ్లాసు నోటిదాకా వచ్చింది.

మునిరత్నమ్మ పోయినాక తన మంచి కోరి వద్దని చెప్పిన మనిషి వాడొక్కడే అని తోచింది.

గ్లాసు కింద పెట్టేశాడు.

తెల్లారి సీసా వంచి చూశాడు. నీళ్ళు కారలేదు. పొడి ఉబ్బి, నల్లగా తాళ్ళలా సాగింది. అచ్చం శిబిరంలో చూపించినట్టే. అక్కడ చూపించింది ఎవరి పాత మలినమూ కాదు. వాళ్ళమ్మే పొడే.

కుప్పయ్య పొయ్యి వెలిగించాడు. వరద తర్వాత ఇద్దరికి సంగటి కెలకడం అదే మొదలు. మూట కట్టుకుని బస్సెక్కాడు.

బెంచీ చుట్టూ జనం ఉన్నారు. ఆ మనిషి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఇక లేవడన్నారు.

చంద్రకాంతమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ పొడి తాగి తాగి కిడ్నీలు చెడిపోయాయట. ఊరేదో, పేరేదో ఎవరికీ చెప్పలేదట.

"రాత్రి కూడా అన్యాడన్నా. ఐరాల ఆయప్ప పొద్దున వస్తాడు సూడు, అని."

కుప్పయ్య సంగటి మూట బెంచీ మీద, ఆయన పక్కనే పెట్టాడు.

మొహం మీద కప్పుదామని వంగి తలకున్న తుండుగుడ్డ విప్పితే ఎడమ చెవికి ఎర్రరాయి పోగు బయటపడింది; ఎదురుగా బ్యానరు మీద బుగ్గల నిండా నవ్వుతున్నదీ ఆయనే.