రక్తానికి ఎక్కని మాత్ర

"మళ్లీ పెరగలేదు," అంది నర్సు డార్సీ, రక్తపరీక్ష ఫలితం చూసి. "మాత్రల్లో ఉండే క్యారోటిన్ రక్తంలో ఎక్కడిదక్కడే ఉంది. ఆర్లో గారూ, నిజం చెప్పండి. మాత్రలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నా," అన్నాడు ఆర్లో, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ.

"రోజూ పొద్దున నా చేత్తో ఇస్తున్నానమ్మా," అంది పక్కనే ఉన్న అతని భార్య మర్లిస్. "మింగేదాకా ఎదురుగా నిలబడతా. చంటిపిల్లాడి కంటే అన్యాయం!"

చూపు మందగించడం మొదలైన ముసలివాళ్లకు విటమిన్ మాత్రలు పనిచేస్తాయా అని ఆ మిన్నెసోటా ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోంది. మొగుడూపెళ్లాలిద్దరూ పేర్లిచ్చారు. ఆర్లోను తీసుకున్నారు.

"ఇప్పుడు ఉత్తుత్తి మాత్రలు ఎవరికీ లేవు, అందరికీ అసలు మాత్రలే ఇస్తున్నాం. మింగితే రక్తంలో తెలిసిపోతుంది," అంది డార్సీ. "వచ్చేసారీ ఇంతే అయితే మిమ్మల్ని తప్పిస్తారు. మాత్రలూ ఆగిపోతాయి."

ఆర్లో ముఖం వాడిపోయింది.

బయట నేలంతా మంచు గడ్డకట్టి జారుతోంది. మర్లిస్ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది. పికప్‌లో దారిపొడవునా సాధించింది.

"కళ్లు పోగొట్టుకుని నా నెత్తిన కూర్చుందామనా?"

అతను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఈ వయసులో ఆ రోడ్డు మీద బండి నడపడానికే ఓపిక చాలడం లేదు. ఇక మాటలకెక్కడిది?

మర్నాటినుంచి ఆవులకు మేత వేసే నెపంతో కొట్టంలోకి వెళ్లి క్యారెట్లు నమలసాగాడు. పుట్టి బుద్ధెరిగాక ఇష్టంగా తిన్నవి కావు. దవడలు లాగేవి. డబ్బాలో పాలకూర చల్లగానే మింగేవాడు. ఒకరోజు కరకర చప్పుడు విని మర్లిస్ గుమ్మంలోంచి అరిచింది.

"మాత్ర గొంతు దిగదు గానీ, ఆవుల తిండి దిగుతోందా!"

ఆర్లో ఆ ముక్క కూడా నమిలేశాడు.

మంచు కరిగాక మళ్లీ వెళ్లారు.

"పెరిగింది!" అంది డార్సీ సంబరంగా. "ఇప్పుడు దారికొచ్చారు." కొత్త సీసా అతని చేతిలో పెట్టింది.

"నా నోటికి భయపడ్డాడులే," అని మర్లిస్ మురిసిపోయింది. ఆర్లో కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె మాత్ర అతని అరచేతిలో పెట్టి, "ఊఁ, మింగు," అని ఎదురుగా నిలబడింది.

ఆర్లో ఉత్త నీళ్లు గుటక వేసి, ఎప్పటిలాగే, పరిశోధనకు కూడా పనికిరానంతగా చూపు పోయిందని డాక్టర్లు తిప్పిపంపిన ఆమె కళ్ల ముందే, గొట్టం మాత్ర విప్పి లోపలి పొడి ఆమె ఓట్స్ జావలో కలిపాడు.