కలిసినచోటే ఆపు

“చివరిదాకా పోనివ్వకు. ఎక్కడ కలిస్తే అక్కడే ఆపు,” అంది కనకలక్ష్మి, కూతురి భుజం మీదుగా లాప్‌టాప్‌లోకి చూస్తూ.

భానుశ్రీ వేళ్లు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

ఈ ప్రోగ్రామ్ రాసి తన గొయ్యి తనే తవ్వుకుంది. పెళ్లి సంబంధాల జాబితాతో తండ్రి సీతారామయ్య కుస్తీ పడుతుంటే జాలేసి, పైథాన్‌లో అరగంటలో రాసిచ్చింది. అది ఒక్కో వరుసా చదువుతుంది. గోత్రం తమదే అయితే వదిలేస్తుంది. జాతకం పాయింట్లు పద్దెనిమిదికి తగ్గినా వదిలేస్తుంది. మిగిలినవాళ్లని చూపిస్తుంది. ఆదివారం ఆదివారం నలభైమంది తేలేవారు. నలభైమందికీ నలభై వంకలు పెట్టి ఏడాదిగా నెట్టుకొస్తోంది.

ఎందుకంటే అజయ్ ఆ జాబితాలో ఉండడు. మాదాపూర్ ఆఫీసులో పక్క సీటు, శేరిలింగంపల్లి పిల్లాడు, వేరే కులం. కులాంతర పెళ్లి జరిగిన ఇంట్లో సీతారామయ్య మంచినీళ్లయినా ముట్టడు. మూడేళ్లుగా ప్రేమించుకుంటున్నా ఇంట్లో చెప్పడానికి భానుశ్రీకి నోరు పెగల్లేదు; ఫోన్‌లో ఆ పేరు చూసి అమ్మ అడిగినా, ఆఫీసులో పక్క సీటని తప్పించుకుంది.

“ఒక్కడినే చూపిస్తే ఎలాగమ్మా? నలుగురినీ చూసుకోవాలి కదా.”

“నలభైమందిని చూసి ఏం ఉద్ధరించావ్? ఇవాళ మొదట కలిసినవాడే అల్లుడు. రెండో పేరు చూసే పనే లేదు.”

కనకలక్ష్మి ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. ఆ గొంతుకి ఎదురు చెప్పినవాళ్లు లేరు.

సీతారామయ్యకే మనసొప్పలేదు. “మరీ అంత తొందరెందుకే?”

“షరతులు మీరు పెట్టినవేగా అండీ. గోత్రం, పాయింట్లు. రెండూ దాటొచ్చినవాణ్ణి మళ్లీ కాదంటారా?”

“నేనెందుకంటాను?”

“అయితే మాటివ్వండి.”

ఇచ్చాడు. ఆయన మాటిస్తే ఇక తిరుగులేదు. తర్వాత ఆవిడ చెయ్యి భానుశ్రీ ముందుకొచ్చింది. ఆ చేతిలో తన చెయ్యి వేసింది.

ఫోన్ మోగి ఆగింది. అజయ్ మెసేజ్. “ఏమైంది? జర ఫోన్ చెయ్యి. పరేషాన్ అయితున్న.”

ఫోన్ బోర్లించింది.

షరతుల కింద ఒకే ఒక్క మాట చేర్చాలి, బ్రేక్. అది తగలగానే వరుసలు చదువుకుంటూ పోయే లూప్ అక్కడితో సరి. కింద ఎన్ని వందల పేర్లున్నా చదవదు. షరతుల్లో ఏదైనా మెలిక పెట్టి ఎవడూ కలవకుండా చేద్దామనుకుంది. కానీ తల్లి కళ్లజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తోంది. బ్రేక్ అని కొట్టింది.

కనకలక్ష్మి పెన్‌డ్రైవ్ అందించింది. “కొత్త జాబితా. వారంరోజులు కూర్చుని నేనే టైపు చేశాను. తెరిచి చూడకు, మళ్లీ వంకలు వెతుకుతావు.”

ఆరువందల పన్నెండు వరుసలు. అందులో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తన కోసం కాచుకుని ఉన్నాడు. పారిపోవడానికి ఒక్క సందు కూడా లేదు.

“కానీయ్,” అంది తల్లి.

సీతారామయ్య కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు. భానుశ్రీ కళ్లు మూసుకుని ఎంటర్ నొక్కింది. తెరిచింది.

ప్రోగ్రామ్ ఒకటో వరుస దగ్గరే ఆగిపోయింది: పేరు అజయ్, ఊరు శేరిలింగంపల్లి, పాయింట్లు ముప్ఫై ఆరుకి ముప్ఫై ఆరు, గోత్రం గడిలో అమ్మ టైపు చేసిన ఒకే ఒక్క మాట, ‘అక్కర్లేదు’.